తెలుగునేలపై ప్రత్యేక విద్యలో ఉన్నతాధ్యయనం: చరిత్ర, అనుభవం, భాష

వ్యాససంగ్రహం

వైకల్యంగల పిల్లలకు బోధించే ఉపాధ్యాయుల శిక్షణ తెలుగు రాష్ట్రాల్లో డిప్లొమాతో మొదలై, బి.ఎడ్., ఎం.ఎడ్. స్థాయిలకు ఎదిగింది. ఈ ఎదుగుదలకు 1984లో సికింద్రాబాదులో వెలసిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ప్రధాన కేంద్రం. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం దీనికి చట్టబద్ధమైన చట్రాన్ని ఇచ్చింది. అయితే ఏళ్ల తరబడి తెలుగులో బోధించిన ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉన్నతాధ్యయనానికి వెళ్లినప్పుడు, తరగతిగదిలో అతడు సంపాదించిన జ్ఞానానికి అక్కడ తగిన చోటు లభించడం లేదు. తెలుగు లిపి, మాండలికం, మర్యాదా వాచకాలు, భోజనపు అలవాట్లు వంటివి బోధనలో నిర్ణాయకమైన అంశాలు. వీటిని తెలుగులోనే పరిశోధించవలసిన అవసరాన్ని చారిత్రక దృష్టితో నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ప్రత్యేక విద్య, ఉపాధ్యాయ శిక్షణ, ఎం.ఎడ్., సికింద్రాబాదు, భవిత కేంద్రాలు, తెలుగు లిపి, పరిభాష, మడికొండ, మాతృభాషలో పరిశోధన.

1. ఉపోద్ఘాతం

చదువు రానివారికి చదువు చెప్పగలిగిన గురువు కథ తెలుగువారికి కొత్తది కాదు. పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రచురించిన 'నీతిచంద్రిక'కు ప్రాతిపదిక అటువంటి కథే. పాటలీపుత్రాన్ని ఏలే సుదర్శనుడు తన కొడుకులకు విద్య అబ్బలేదని దుఃఖించడం, విష్ణుశర్మ ఆ బాధ్యతను స్వీకరించి కథల ద్వారా నీతిశాస్త్రం బోధించడం అందులోని ఎత్తుగడ. ఆ రాజకుమారులను నేటి అర్థంలో వైకల్యంగలవారిగా భావించడం పొరపాటు. అయినా ఆ ఎత్తుగడలో ఒక విద్యాసూత్రం ఉంది. శిష్యుడికి పాఠం ఎక్కనప్పుడు గురువు పాఠాన్ని మార్చుకోవాలి. ప్రత్యేక విద్య అనే ఆధునిక శాస్త్రానికి ఇదే మూలసూత్రం.

పాఠాన్ని ఎలా మార్చాలో విష్ణుశర్మకు ఎవరు నేర్పారో కథ చెప్పదు. ఆధునిక సమాజం ఆ ప్రశ్నకు సంస్థల ద్వారా, పట్టాల ద్వారా జవాబు చెప్పవలసి ఉంటుంది. ప్రత్యేక ఉపాధ్యాయుడిని తయారుచేసేది ఎవరు? అతడు పదేళ్లు పనిచేసిన తర్వాత ఇంకా పైకి చదవాలంటే ఎక్కడికి వెళ్లాలి? అక్కడ అతడు ఏ భాషలో ఆలోచించాలి? ఈ మూడు ప్రశ్నలకు తెలుగునేల ఇచ్చిన జవాబులను చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాసపరిధి. పరిశీలనకు చూపుకోణంగా హనుమకొండ జిల్లాలో, వరంగల్ మహానగరపాలక సంస్థ పరిధిలో ఉన్న మడికొండను తీసుకోవడమైంది. తెలుగులో ఉన్నతవిద్యకూ, ప్రజల పలుకుకూ సంబంధించిన రెండు ముఖ్యమైన స్మృతులు ఆ ఊరితో ముడిపడి ఉండటం అందుకు కారణం.

2. ఉన్నతాధ్యయనం పుట్టిన తీరు

ప్రత్యేక విద్యాచరిత్రలో ముందు ఉపాధ్యాయుడు వచ్చాడు, ఆ తర్వాతే శాస్త్రం వచ్చింది. 19వ శతాబ్ది ఆరంభంలో ఫ్రాన్సు అడవుల్లో దొరికిన విక్టర్ అనే బాలుడికి వైద్యుడు ఇటార్డ్ మాటలు నేర్పడానికి చేసిన ప్రయత్నం ఈ రంగానికి తొలినాటి వ్రాతపూర్వక ఆధారాల్లో ఒకటి. ఇటార్డ్ అనుకున్నంత ఫలితం సాధించలేదు. కాని తాను ఏమి చేశాడో, ఎక్కడ ఆగిపోయాడో రాసిపెట్టాడు. అతడి శిష్యుడు సెగాన్ ఆ రాతల నుంచే తన పద్ధతిని నిర్మించుకున్నాడు. సెగాన్ పద్ధతి నుంచి మరియా మాంటిస్సోరి తన పద్ధతికి బీజాలు తీసుకుంది. ఒక ఉపాధ్యాయుడి అనుభవం అక్షరబద్ధమైతే ఎన్ని తరాలకు పనికివస్తుందో ఈ పరంపర తెలియజేస్తుంది.

అమెరికాలో ఈ పరంపర విశ్వవిద్యాలయంలోకి ప్రవేశించింది. న్యూయార్కులోని హెన్రీ స్ట్రీట్ పాఠశాలలో 19వ శతాబ్ది చివర తరగతుల విభజన లేని ప్రత్యేక తరగతిని ప్రారంభించిన ఎలిజబెత్ ఫారెల్ వృత్తిరీత్యా ఉపాధ్యాయురాలు. 1922లో కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీలో ఏర్పడిన అసాధారణ బాలల విద్యామండలికి ఆమే తొలి అధ్యక్షురాలు. 1958లో అమెరికా ప్రభుత్వం చేసిన ఒక చట్టం ఈ చరిత్రలో మరో మలుపు. బుద్ధిమాంద్యంగల పిల్లల విద్యలో ఉపాధ్యాయులకు బోధించగల నాయకులను తయారుచేయడానికి ఆ చట్టం విశ్వవిద్యాలయాలకు నిధులిచ్చింది. 1963లో ఈ సహాయం ఇతర వైకల్యాలకూ విస్తరించింది. వైకల్యంగల ప్రతి బాలుడికీ ఉచిత విద్యను హక్కుగా ప్రకటించిన చట్టం అక్కడ 1975లో వచ్చింది. అంటే పిల్లల హక్కు చట్టరూపం దాల్చడానికి 17 ఏళ్ల ముందే గురువులకు గురువులను తయారుచేసే పని మొదలైంది.

మనదేశంలో ఈ క్రమం వేరుగా సాగింది.

3. భారతదేశంలో శిక్షణ నుంచి చట్టం దాకా

అంధబాలల కోసం భారతదేశంలో తొలి పాఠశాలను 1887లో అమృత్‌సర్‌లో మిషనరీ వనిత ఆనీ షార్ప్ ప్రారంభించింది. బధిరుల పాఠశాలలు కూడా 19వ శతాబ్ది చివరి దశకాల్లోనే బొంబాయి, కలకత్తాలలో వెలిశాయి. ఆనాటి ఉపాధ్యాయులు పనిచేస్తూ పని నేర్చుకున్నవారు. స్వాతంత్ర్యం తర్వాత 1951లో భారతీయ భాషలన్నింటికీ ఉమ్మడిగా భారతి బ్రెయిలీ స్థిరపడటంతో తెలుగు అక్షరం కూడా ఆరుచుక్కల రూపం పొందింది.

1964-66 మధ్య పనిచేసిన కొఠారీ కమిషన్, వైకల్యంగల పిల్లల విద్యను సాధారణ విద్యావ్యవస్థలో విడదీయరాని భాగంగా చూడాలని సూచించింది. 1974లో కేంద్రప్రభుత్వం సమ్మిళిత విద్యాపథకాన్ని ప్రారంభించింది. 1986 నాటి జాతీయ విద్యావిధానం దీన్ని బలపరిచింది. అదే సంవత్సరంలో సంఘంగా ఏర్పడిన భారత పునరావాస మండలి, 1992లో పార్లమెంటు చేసిన చట్టంతో 1993 జూన్ 22 నుంచి చట్టబద్ధ సంస్థ అయింది. ప్రత్యేక ఉపాధ్యాయుల కోర్సులకు ప్రమాణాలు నిర్ణయించడం, ఉత్తీర్ణులను కేంద్ర పునరావాస రిజిస్టరులో నమోదు చేయడం ఈ మండలి ముఖ్యవిధులు. నమోదైనవారు కాలానుగుణంగా పునశ్చరణ శిక్షణలకు హాజరై నమోదును కొనసాగించుకోవాలి.

ఈ చట్టం వల్ల వృత్తికి గౌరవం, నియమం, గుర్తింపు వచ్చాయి. 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు వైకల్యాలను గుర్తించి, ఉపాధ్యాయ శిక్షణ సంస్థలను ఏర్పాటు చేయవలసిన బాధ్యతను ప్రభుత్వాలపై ఉంచింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆ సంఖ్యను 21కి పెంచింది. అందులో ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం కూడా చేరాయి. చదవడంలో, రాయడంలో, లెక్కల్లో మాత్రమే ఇబ్బంది పడే పిల్లవాడు అప్పటివరకు 'మొద్దు' అనిపించుకుంటూ వచ్చాడు. ఈ చట్టంతో అతడికి తొలిసారిగా ఒక చట్టబద్ధమైన పేరు దొరికింది. పేరు దొరికినంత మాత్రాన చదువు రాదు. ఆ పిల్లవాడు ఏ అక్షరం దగ్గర ఎందుకు ఆగిపోతున్నాడో చెప్పగల పరిశోధన కావాలి. ఆ పరిశోధన చేయగలిగినవారు ప్రధానంగా అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులే.

4. సికింద్రాబాదు కేంద్రం

తెలుగునేలపై ఈ చరిత్రకు కేంద్రబిందువు సికింద్రాబాదు బోయిన్‌పల్లిలోని మనోవికాస్ నగర్. 1984లో అక్కడ జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పడింది. ప్రస్తుతం ఇది జాతీయ మేధోవైకల్య వ్యక్తుల సాధికారత సంస్థ అనే పేరుతో సామాజిక న్యాయం, సాధికారత మంత్రిత్వశాఖ పరిధిలో పనిచేస్తున్నది. దీనికంటే ముందే హైదరాబాదులో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ, సికింద్రాబాదులో స్వీకార్ వంటి స్వచ్ఛంద సంస్థలు ఈ రంగంలో కృషి ప్రారంభించాయి. వినికిడి లోపం కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు కూడా సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఈ విధంగా జంటనగరాలు దేశంలోనే ప్రత్యేక విద్యాశిక్షణకు ముఖ్యమైన స్థానంగా రూపొందాయి.

జాతీయ సంస్థలో శిక్షణ డిప్లొమా స్థాయి నుంచి క్రమంగా డిగ్రీ స్థాయికీ, అక్కడి నుంచి ఎం.ఎడ్. స్థాయికీ ఎదిగింది. పట్టభద్ర, స్నాతకోత్తర కోర్సులకు ఉస్మానియా విశ్వవిద్యాలయపు అనుబంధం లభించింది. 2015-16 విద్యాసంవత్సరం నుంచి దేశవ్యాప్తంగా ప్రత్యేక విద్యలో బి.ఎడ్., ఎం.ఎడ్. రెండేళ్ల కోర్సులుగా మారాయి. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దూరవిద్యలో ప్రత్యేక బి.ఎడ్. అందించడం ఉద్యోగంలో ఉన్న ఉపాధ్యాయులకు ఉపకరించిన మరో పరిణామం.

ఈ సంస్థ చరిత్రలో అన్నిటికంటే విలువైన అధ్యాయం బోధనోపకరణాల రూపకల్పన. అంతకుముందే మద్రాసులో జయచంద్రన్, విమల రూపొందించిన మద్రాస్ డెవలప్‌మెంటల్ ప్రోగ్రామింగ్ సిస్టమ్ వాడుకలో ఉంది. 18 విభాగాల్లో ఒక్కోదానికి 20 చొప్పున 360 నైపుణ్యాలను పరిశీలించే పట్టిక అది. సికింద్రాబాదు సంస్థ నుంచి 1992లో రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ రూపొందించిన ప్రవర్తన మాపని 'బేసిక్-ఎం.ఆర్.' వెలువడింది. ప్రత్యేక విద్యావిభాగానికి సారథ్యం వహించిన జయంతి నారాయణ్ కృషితో 1990ల్లో తరగతిస్థాయి మాపని 'గ్లాడ్', కార్యాత్మక మదింపు పట్టిక 'ఎఫ్.ఎ.సి.పి.' వచ్చాయి. వీటి బలం ఒకటే. పిల్లవాడి తెలివికి అంకె వేసి ఊరుకోకుండా, అతడు ఇప్పుడు ఏమి చేయగలడు, తర్వాత ఏమి నేర్పవచ్చు అనే ప్రశ్నలకు ఉపాధ్యాయుడు స్వయంగా జవాబు వెతుక్కునే వీలు వీటిలో ఉంది.

అయితే ఇక్కడే ఒక విషయం గమనించాలి. సాధారణ పాఠశాలలో వెనుకబడే పిల్లల కోసం తయారైన 'గ్లాడ్' మాపనిలో ఉన్న విషయాలు ఇంగ్లీషు, హిందీ, గణితం. జాతీయ సంస్థ దేశమంతటినీ దృష్టిలో ఉంచుకోవాలి కాబట్టి ఇది సహజమే. కాని మాపని తయారైనది తెలుగు నగరంలో. దాని ప్రహరీ అవతల ఉన్న ప్రభుత్వ పాఠశాలలో పిల్లవాడు తడబడేది తెలుగు వాచకం దగ్గర. ఈ దూరాన్ని పూరించవలసిన బాధ్యత జాతీయ సంస్థది కాదు, తెలుగు విద్యాలోకానిది.

5. అనుభవానికి దక్కని అర్హత

తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ పాఠశాలల్లో ఈ పనిని ఎక్కువగా మోసినవారు సమ్మిళిత విద్యా వనరుల వ్యక్తులు. ఉపాధ్యాయలోకంలో 'ఐ.ఇ.ఆర్.పి.లు' అనే పేరుతో వీరు పరిచితులు. సర్వశిక్షా అభియాన్ కాలంలో నియమితులై, 2018 తర్వాత సమగ్ర శిక్షలో కొనసాగుతున్న వీరు ప్రధానంగా ఒప్పంద పద్ధతిలో పనిచేస్తున్నవారు. మండలస్థాయి భవిత కేంద్రాలకు వచ్చే పిల్లలకు బోధించడం, రాలేని పిల్లల ఇళ్లకు వెళ్లి నేర్పడం, ధ్రువీకరణ శిబిరాలకు తీసుకుపోవడం, తల్లిదండ్రులకు ధైర్యం చెప్పడం వీరి విధుల్లో భాగం.

ఇటీవలి పరిణామాలు వీరి స్థితిని చర్చకు తెచ్చాయి. 2021 అక్టోబరు 28న సుప్రీంకోర్టు రజనీష్ కుమార్ పాండే కేసులో తీర్పునిస్తూ, ప్రత్యేక ఉపాధ్యాయుల నిష్పత్తిని ప్రాథమిక స్థాయిలో 10 మంది పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరుగా సూచించింది. 2025 మార్చి 7న మంజూరైన పోస్టులను ప్రకటించాలని రాష్ట్రాలను ఆదేశించింది. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో వెలువడిన డీఎస్సీ ప్రకటనలోని 11,062 పోస్టుల్లో ప్రత్యేక విద్యకు 220 స్కూల్ అసిస్టెంటు, 796 ఎస్జీటీ పోస్టులు కేటాయించారు. రెండూ కలిపి 1,016. మొత్తంలో ఇది దాదాపు 9 శాతం. ప్రత్యేక విద్య ఉపాధ్యాయ నియామకాల్లో ఇంత స్పష్టమైన వాటా పొందడం గుర్తించదగిన విషయం.

ఉపాధ్యాయుల సంఖ్య పెరిగే కొద్దీ వారికి బోధించేవారి అవసరం పెరుగుతుంది. ఆ స్థానానికి ఎం.ఎడ్. మెట్టు. దీనిలో ప్రవేశానికి ప్రత్యేక బి.ఎడ్., లేదా సాధారణ బి.ఎడ్.తో పాటు పునరావాస మండలి గుర్తించిన డిప్లొమా అర్హత. అంటే ద్వారం దగ్గర అడిగేది పట్టాలను. పదిహేనేళ్లు భవిత కేంద్రంలో పనిచేసిన ఉపాధ్యాయురాలూ, నిన్ననే పట్టా పుచ్చుకున్న యువకుడూ ఆ ద్వారం దగ్గర సమానులే. సమానత్వం మంచిదే. కాని లోపలికి వెళ్లాక కూడా ఆమె పదిహేనేళ్లను ఎవరూ అడగకపోవడం విద్యాపరంగా నష్టం.

మడికొండ వంటి ఊళ్లో పనిచేసే ఉపాధ్యాయురాలికి ఇంకో చిక్కు ఉంది. కాజీపేటలో రైలెక్కితే సికింద్రాబాదు సుమారు 130 కిలోమీటర్లు. రెండేళ్ల ప్రత్యక్ష కోర్సుకు వెళ్లాలంటే ఒప్పంద ఉద్యోగి జీతం వదులుకోవాలి. తిరిగి వచ్చేసరికి అదే పని దొరుకుతుందన్న భరోసా ఉండదు. ఉన్నతాధ్యయనం వల్ల అందరికంటే ఎక్కువ ప్రయోజనం పొందగలిగినవారికే అది అందరికంటే ఖరీదైనదిగా మారుతున్నది.

6. తెలుగు లిపి అడిగే ప్రశ్నలు

ఈ నష్టం ఎటువంటిదో తెలియాలంటే తెలుగు తరగతిగదిలోకి తొంగిచూడాలి. అభ్యసన వైకల్యంపై ప్రపంచంలో జరిగిన పరిశోధనలో అధికభాగం ఇంగ్లీషు చదివే పిల్లలపై జరిగింది. ఇంగ్లీషులో చిక్కు అక్షరానికీ ధ్వనికీ పొంతన కుదరకపోవడం. తెలుగులో ఆ పొంతన చాలావరకు కుదురుతుంది. మన లిపిలో చిక్కు వేరేచోట ఉంది.

'భక్తి' అనే పదాన్ని తీసుకుందాం. ఇందులో గుడి 'క' మీద ఉంటుంది. తకార ఒత్తు 'క' కింద ఉంటుంది. కాని ఇకారం పలికేది తకారం తర్వాత. కన్ను చూసే వరుస, నోరు పలికే వరుస ఇక్కడ ఒకటి కావు. మామూలు పిల్లవాడు కొన్ని నెలల్లో ఈ తిరకాసును దాటేస్తాడు. అభ్యసన వైకల్యంగల పిల్లవాడు అక్కడే ఆగిపోయి 'భకిత' అని చదవవచ్చు. అది అజాగ్రత్త కాదు. లిపి నియమాన్ని అతడు తనకు తోచిన రీతిలో తార్కికంగా అన్వయించుకున్నాడు. ఈ సంగతి గ్రహించిన ఉపాధ్యాయుడు కొట్టడు, పదాన్ని విడగొట్టి చూపిస్తాడు.

ఒత్తుల రూపాలు మరో సమస్య. గకార, డకార ఒత్తులు మూలాక్షరాన్ని గుర్తుచేస్తాయి. త, న, మ, య, ర, ల వంటి అక్షరాల ఒత్తులు మూలాక్షరం పోలిక లేకుండా ఉంటాయి. వాటిని విడిగా గుర్తుపెట్టుకోవడం తప్ప దారి లేదు. మ-య, ప-ఫ-ష, ద-ధ, ఘ-ఝ వంటి అక్షరాల మధ్య తేడా ఒక చిన్న గీతకో, కొమ్ముకో, పొట్టలోని చుక్కకో పరిమితం. ఇక గుణింతాలు, ఒత్తులు కలిసి ఏర్పడే రూపాల సంఖ్య వందల్లో ఉంటుంది. తెలుగుకు సన్నిహితమైన కన్నడ లిపిపై సొనాలి నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం, అక్షరజ్ఞానం సంపూర్ణం కావడానికి ప్రాథమిక పాఠశాలలో అనేక సంవత్సరాలు పడుతుందని చూపింది. ఉస్మానియా భాషాశాస్త్ర విభాగంలో దుగ్గిరాల వసంత తెలుగు పిల్లల భాషాభివృద్ధిపై, భాషాలోపాలపై చేసిన కృషి ఈ దారిలో ఆదరణీయమైనది. ఇటువంటి కృషి ఎం.ఎడ్. సిద్ధాంత వ్యాసాల స్థాయిలో విస్తరించాలి.

7. పలుకు, మర్యాద, ముద్ద

లిపిని దాటి జీవితంలోకి వస్తే ప్రశ్నలు ఇంకా సూక్ష్మమవుతాయి. వరంగల్ ప్రాంతపు పిల్లవాడు 'వచ్చాడు' అనవలసిన చోట 'అచ్చిండు' అంటే అది ఉచ్చారణలోపమా, మాండలికమా? స్థానికురాలైన ఉపాధ్యాయురాలికి ఇది ప్రశ్నే కాదు. పాఠ్యపుస్తక భాషను ప్రమాణంగా తీసుకున్న మాపని మాత్రం దీన్ని లోపంగా లెక్కించే ప్రమాదముంది. కాళోజీ నారాయణరావు పెరిగిన ఊరు మడికొండ. ప్రజల నోటి పలుకుకు గౌరవం దక్కాలని జీవితమంతా వాదించిన ఆయన జయంతి సెప్టెంబరు 9ని తెలంగాణ భాషాదినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ వాదాన్ని సాహిత్యానికి పరిమితం చేయరాదు. ఇంటిభాషకు గౌరవం లేనిచోట, ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడి నోటికి కూడా వైకల్యపు ముద్ర పడుతుంది.

సంబోధనల విషయం చూద్దాం. ఆటిజంగల పిల్లలకు సామాజిక సంభాషణ నేర్పడం ఉపాధ్యాయుల పనిలో ముఖ్యభాగం. ఇంగ్లీషులో ఎదుటివ్యక్తికి ఒకే సర్వనామం చాలు. తెలుగులో 'నువ్వు', 'మీరు' అనే భేదం తప్పదు. మూడో వ్యక్తి గురించి చెప్పాలంటే 'వాడు', 'అతడు', 'ఆయన' అనే మెట్లున్నాయి. పెదనాన్న, బాబాయి, మామయ్య అనే మూడు బంధాలకు ఇంగ్లీషులో ఒక్క పదం సరిపోతుంది. కుటుంబసభ్యులను గుర్తిస్తాడా అనే అంశం ఏ పట్టికలోనైనా ఉంటుంది. తెలుగు పిల్లవాడికి ఆ అంశం ఒకటి కాదు, పది. ఏ బంధం ముందు నేర్పాలి, బహువచన మర్యాదను ఏ దశలో చేర్చాలి అనేవి తెలుగు పరిశోధకులే తేల్చవలసిన ప్రశ్నలు.

స్వయంపోషణ నైపుణ్యాల్లో భోజనం మొదటిది. పాశ్చాత్య గ్రంథాలు చెంచా పట్టుకోవడంతో మొదలుపెడతాయి. మన పిల్లవాడు నేర్వవలసింది అన్నంలో పప్పు కలపడం, మెతుకు జారకుండా ముద్ద చేయడం, అయిదువేళ్లను కూర్చి నోటికి అందించడం. ఈ పనిని చిన్నచిన్న అంచెలుగా విడదీయడాన్ని ప్రత్యేక విద్యలో కార్యవిశ్లేషణ అంటారు. ముద్ద కలపడంలో బొటనవేలు చేసే పని ఏమిటో, వేడి అన్నానికీ చల్లటి అన్నానికీ ఎంత తేడా ఉంటుందో రోజూ నేర్పే ఉపాధ్యాయురాలికి తెలుసు. ఆమె దగ్గరున్నది శాస్త్రజ్ఞానమే. అది ఇంకా కాగితం మీదికి రాలేదు.

8. పరిభాష పరిణామం

ఈ రంగానికి సంబంధించిన తెలుగు పదాల చరిత్ర సమాజపు చూపులోని మార్పుకు అద్దం పడుతుంది. గుడ్డి, మూగ, చెవిటి, వెర్రి అనే పదాలు వాడుకలో నిందార్థాన్ని పొందాయి. వాటి స్థానంలో అంధులు, బధిరులు, వికలాంగులు అనే సంస్కృతపదాలు పరిపాలనలో స్థిరపడ్డాయి. మందబుద్ధి, మానసిక వికలాంగులు, బుద్ధిమాంద్యం, మేధోవైకల్యం అనేవి ఒకే స్థితికి వేర్వేరు దశల్లో పెట్టిన పేర్లు. సర్వశిక్షా అభియాన్ 'ప్రత్యేక అవసరాలు గల పిల్లలు' అనే పదబంధాన్ని బడికి తెచ్చింది. 2015 చివర ప్రధానమంత్రి సూచనతో 'దివ్యాంగులు' అధికారిక వ్యవహారంలోకి వచ్చింది. ఈ పదం గౌరవం పేరుతో వాస్తవాన్ని కప్పిపుచ్చుతుందన్న విమర్శ కూడా వైకల్య హక్కుల ఉద్యమాల నుంచి వినిపించింది.

ఒక పోలిక ఈ చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది. పిల్లలకు పేర్లు పెట్టే పదాలు తెలుగులో అనేకం పుట్టాయి. పిల్లలకు నేర్పే పద్ధతులకు పదాలు పుట్టలేదు. వ్యక్తిగత విద్యాప్రణాళిక, కార్యవిశ్లేషణ వంటి కొద్ది అనువాదాలను మినహాయిస్తే ఉపాధ్యాయులు తమ వృత్తి గురించి మాట్లాడుకునేది ఇంగ్లీషు పొడి అక్షరాల్లో. తల్లికి ఆ అక్షరాలు అర్థం కావు. ఇంట్లో నేర్పవలసిన తల్లికి అర్థంకాని పరిభాష బోధనను సగంలో ఆపేస్తుంది.

9. ఉస్మానియా పాఠం

ఉన్నతాధ్యయనం దేశభాషలో సాధ్యమేనా అన్న సందేహానికి హైదరాబాదు చరిత్రలోనే సమాధానం ఉంది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ఆధునిక శాస్త్రాలను బోధించింది. దానికి ముందే 1917లో అనువాదశాఖను ఏర్పాటు చేసి, పండితులతో పరిభాషను నిర్మింపజేసి, గ్రంథాలను సిద్ధం చేసుకుంది. ముందు పుస్తకం, తర్వాత తరగతి అనే క్రమం అక్కడ పాటించారు. ప్రజల్లో అధికసంఖ్యాకుల భాష తెలుగు కావడం వల్ల ఆ ప్రయోగానికి పరిమితులున్న మాట నిజం. అయినా దేశభాషలో వైద్యం, ఇంజనీరింగు బోధించవచ్చని అది నిరూపించింది.

అదే విశ్వవిద్యాలయం నుంచి తెలుగులో తొలి ఎం.ఏ. పట్టా పొందిన పల్లా దుర్గయ్య మడికొండలో జన్మించారు. ప్రబంధవాఙ్మయంపై పరిశోధన చేసిన ఆ పండితుడు వృత్తిరీత్యా అధ్యాపకుడు. తెలుగు సాహిత్యం ఉస్మానియాలో స్నాతకోత్తర విషయంగా నిలదొక్కుకోవడానికి ఒక చదువరి తొలి అడుగు వేయవలసి వచ్చింది. తెలుగులో ప్రత్యేక విద్యాపరిశోధన కూడా నేడు అటువంటి తొలి అడుగు కోసం ఎదురుచూస్తున్నది.

పుస్తకాల విషయంలో రెండో ఆదర్శం తెలుగు అకాడమి. పి.వి. నరసింహారావు విద్యామంత్రిగా ఉన్న కాలంలో 1968లో ఏర్పడిన ఈ సంస్థ, ఇంటర్మీడియట్ నుంచి పై స్థాయిల వరకు తెలుగు మాధ్యమ గ్రంథాలను, పరిభాషా పదకోశాలను ప్రచురించింది. ఉపాధ్యాయ విద్యకు సంబంధించిన పుస్తకాలు కూడా అందులో ఉన్నాయి. ఆ పద్ధతిని ప్రత్యేక విద్యలో స్నాతకోత్తర స్థాయికి విస్తరించడానికి కొత్త వ్యవస్థ అవసరం లేదు, సంకల్పం ఉంటే చాలు.

ఇంగ్లీషును తొలగించాలన్నది ఇక్కడి వాదం కాదు. ఎం.ఎడ్. విద్యార్థి ప్రపంచ పరిశోధనను చదవాలి. దాన్ని తన తరగతిగదితో పోల్చి, వ్యత్యాసాన్ని తన భాషలో రాయగలగాలి. ఇటార్డ్ ఫ్రెంచిలోనే రాశాడు. అందువల్ల అతడి అనుభవం ప్రపంచానికి అందకుండా పోలేదు.

10. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలను ఈ విధంగా క్రోడీకరించవచ్చు.

1. పాశ్చాత్యదేశాల్లో ప్రత్యేక విద్య ఉపాధ్యాయుల అనుభవం నుంచి శాస్త్రంగా ఎదిగింది. అమెరికాలో పిల్లల హక్కు చట్టానికి ముందే 1958లో ఉపాధ్యాయ శిక్షకుల తయారీకి చట్టం వచ్చింది. మనదేశంలో డిప్లొమా శిక్షణ, చట్టాలు, నియామకాలు ముందు వచ్చి, ఉన్నతాధ్యయనం వాటి వెనుక నడుస్తున్నది.

2. 1984 నుంచి సికింద్రాబాదు జాతీయ సంస్థ ఈ రంగానికి ఆధారభూతమైంది. అక్కడ తయారైన మాపనులు దేశవ్యాప్తంగా ఉపయోగపడ్డాయి. తెలుగు చదవడానికి, రాయడానికి ప్రత్యేకించిన మాపనులు తెలుగు విశ్వవిద్యాలయాల సహకారంతో రూపొందాలి.

3. భవిత కేంద్రాల్లో, ప్రత్యేక పాఠశాలల్లో దీర్ఘకాలం పనిచేసినవారికి ఎం.ఎడ్. ప్రవేశాల్లో అనుభవానికి విలువ ఇవ్వాలి. సెలవుల్లో ప్రత్యక్ష తరగతులు, మిగిలిన కాలంలో సొంత పాఠశాలలోనే అభ్యసన పరిశోధన జరిగేటట్లు కోర్సును మలచడం గురించి పునరావాస మండలి, విశ్వవిద్యాలయాలు ఆలోచించాలి. ఒప్పంద ఉపాధ్యాయులకు జీతంతో కూడిన అధ్యయనసెలవు ఇవ్వాలి.

4. ఎం.ఎడ్. సిద్ధాంతవ్యాసాన్ని తెలుగులో సమర్పించే అవకాశం ఉండాలి. లిపి, మాండలికం, సంబోధన, స్వయంపోషణ వంటి అంశాలపై తెలుగు శాఖలు, భాషాశాస్త్ర శాఖలు, విద్యాశాఖలు ఉమ్మడిగా పర్యవేక్షణ చేయాలి.

5. తల్లిదండ్రులకు అర్థమయ్యే బోధనా పరిభాషను ఉపాధ్యాయుల వాడుక నుంచే సేకరించి పదకోశంగా ప్రచురించాలి.

తెలుగు శాఖల్లో మనం లిపిపరిణామాన్ని శాసనాల కాలం నుంచి బోధిస్తున్నాం. ఆ లిపి దగ్గర తడబడుతున్న పిల్లవాడిని గురించి మాత్రం మన పరిశోధనాంశాల్లో అరుదుగా తలచుకుంటున్నాం. అతడికి రోజూ అక్షరం దిద్దించే ఉపాధ్యాయురాలి దగ్గర మనం నేర్చుకోవలసింది చాలా ఉంది. కొద్ది సంవత్సరాల్లో ఈ తరం ప్రత్యేక ఉపాధ్యాయుల్లో తొలి నియామకాలవారు పదవీ విరమణకు చేరువవుతారు. వారికి తెలిసినది అక్షరబద్ధం కాకపోతే, తర్వాత వచ్చేవారు 'భక్తి' అనే పదం దగ్గర పిల్లవాడితోపాటు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి వస్తుంది.